ముప్ఫయ్యో రోజు, పద్నాలుగో వారం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



నేను 33 ఏళ్లు సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉండేది ఖమ్మంలో. మా అమ్మాయి కాపురం విజయవాడలో. అందుకే ఈ ఉత్తరం ఇద్దరు మంత్రులకూ కలిపి రాస్తున్నాను. మా మనవడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఎక్కాలు నాకంటే వేగంగా అప్పజెబుతాడు. నడవడానికి మాత్రం వాకర్ కావాలి, రెండు కాళ్లకూ మోకాలి కింద దాకా ప్లాస్టిక్ స్ప్లింట్లు కావాలి. వాడికున్నది సెరిబ్రల్ పాల్సీ. పుస్తకాల్లో మస్తిష్క పక్షవాతం అని రాస్తారు. మా వీధిలో మాత్రం ‘కాళ్లు పట్టేశాయట’ అంటారు.

వాడు 29 వారాలకే పుట్టాడు. ‘ఏడో నెల బిడ్డ నిలుస్తాడు, ఎనిమిదో నెల బిడ్డే నిలవడు’ అని మా అత్తగారు అనేవారు. ఆ మాట పట్టుకునే ఆస్పత్రి వరండాలో 42 రోజులు కూర్చున్నాను. ఆస్పత్రి పేరు రాయను. అక్కడి డాక్టర్లూ నర్సులూ వాడి ప్రాణం నిలబెట్టారు, ఆ రుణం తీరేది కాదు. నాలుగో రోజున వాడి తలకు స్కాన్ తీశారు. ‘నార్మల్’ అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. రెండో స్కాన్ ఎవరూ తీయలేదు, మేమూ అడగలేదు. జబ్బు పేరు మా చెవిన పడేసరికి వాడికి 20 నెలలు నిండాయి.

ఆ 20 నెలల్లో మేమేం చూశామో, ఏం చూడలేకపోయామో మీకు చెప్పాలి. ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ ఇలాగే జరుగుతోంది.

మూడోనెల దాటినా వాడు పిడికిలి విప్పేవాడు కాదు, బొటనవేలు లోపలే ఉండేది. ‘గట్టి పిండం, డబ్బు జారవిడవడు’ అన్నారు చుట్టాలు. చంకల్లో చేతులు వేసి నిలబెడితే కాళ్లు కర్రల్లా బిగించి మునివేళ్ల మీద నిలిచేవాడు. ‘అప్పుడే నిలబడుతున్నాడే!’ అని మురిసిపోయాం. లంగోటీ మార్చబోతే కాళ్లు కత్తెర వేసినట్టు ముడిపడేవి. ‘చలి’ అనుకున్నాం. పక్క మీద పడుకోబెడితే ఎలా పెట్టినవాడు అలాగే ఉండేవాడు. ‘ఎంత బుద్ధిమంతుడో’ అన్నది నేనే. చిన్నపిల్లలు ఒక్క క్షణం కుదురుండరని, కుదురుండకూడదని, ఆరుగురు పసివాళ్లకు లాలపోసిన నాకు అప్పుడు తోచలేదు.

లాలపోయడం అన్నాను కదా. మా ఇళ్లలో బిడ్డకు నీళ్లు పోశాక మాడుకు ఇంత ఆముదం అద్దుతాం. అరచేతి కింద మాడు మెత్తగా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడింకా ఎముక కూడుకోలేదు. ఏడాది, ఏడాదిన్నరకు పూడుతుంది. డాక్టర్లకు బిడ్డ మెదడులోకి చూసే కిటికీ ఆ మాడే. అల్ట్రాసౌండ్ తరంగాలు గట్టి ఎముకను దాటి పోలేవు, మాడు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే లోపల మెదడు తెర మీద కనిపిస్తుంది. రేడియేషన్ లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు, బిడ్డను ఇంక్యుబేటర్ దాటించనక్కర్లేదు. 1970ల చివరి నుంచీ ఉన్న పద్ధతే ఇది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

అలాంటప్పుడు మా మనవడి స్కాన్ ‘నార్మల్’ అని ఎలా వచ్చింది? తప్పు రాశారా? లేదు. ఆ రోజుకు అది నిజమే. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఈ లేఖకు కారణం కూడా అదే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మెదడుకు ముఖ్యంగా రెండు గండాలు. ఒకటి రక్తస్రావం. ఇది ఎక్కువగా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే జరుగుతుంది. దాని తీవ్రతను 1978లో పపీల్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు నాలుగు గ్రేడులుగా విభజించారు. ఒకటి, రెండు గ్రేడుల పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే నడుస్తారు. నాలుగో గ్రేడు అయితే తరచుగా ఒక పక్క కాలూ చెయ్యీ దెబ్బతింటాయి. తొలి వారం స్కాన్ ప్రధానంగా ఈ గండం కోసం.

రెండో గండం నెమ్మదైనది. మెదడు మధ్యలో నీరుండే గదులు ఉంటాయి, వాటిని వెంట్రికల్స్ అంటారు. వాటి పక్కనుండే తెల్ల పదార్థానికి రక్తం చాలకో, ఇన్ఫెక్షన్ వల్లో దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలిన రోజున స్కాన్‌లో పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాలు గడిచాక అక్కడ చిన్నచిన్న గుంటలు పడతాయి. చెదపట్టిన దూలాన్ని మొదటి వారం తట్టి చూస్తే గట్టిగానే మోగుతుంది, లోపల తొర్ర పడ్డాకే తేడా తెలుస్తుంది. ఇదీ అంతే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ గుంటలు కొన్ని వారాల తరవాత కుంచించుకుపోయి మళ్లీ అల్ట్రాసౌండ్‌కు దొరక్కుండా పోవచ్చు. ముందు చూస్తే ఏమీ ఉండదు, మరీ ఆలస్యంగా చూసినా ఉండదు.

మెదడు పైపొర నుంచి కాళ్లకు ఆజ్ఞలు మోసే తీగలు ఆ గదుల గోడల వెంటే దిగుతాయి. చేతులవి కాస్త ఎడంగా, ముఖానివి ఇంకా ఎడంగా పోతాయి. అందుకే మావాడికి ఎక్కాలొచ్చాయి, మాటలొచ్చాయి, చేతులు చాలావరకు వచ్చాయి, కాళ్లు రాలేదు. 20 నెలలప్పుడు తీసిన ఎమ్మారైలో వెంట్రికల్స్ పక్కన తెల్ల పదార్థం తరిగిపోయి కనిపించింది. ఇంకా గర్భంలో 24 నుంచి 34 వారాల మధ్య ఉండాల్సిన మెదడుకే ఎక్కువగా ఈ తరహా దెబ్బ తగులుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆ ఒక్క మాటతో మా అమ్మాయి తల మీంచి ఓ బరువు దిగింది. అంతవరకు అది గ్రహణం రోజున బయటికొచ్చిందనీ, నిండు గర్భంతో మెట్లెక్కిందనీ ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. అది నిండు గర్భం చూడనే లేదు!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వాడు పుట్టిన ముప్ఫయ్యో రోజున కంటి డాక్టరు వచ్చి చూశారు. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు రెటీనా దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉందనీ, 30 రోజుల్లోపు కళ్లు చూపించాలనీ హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు ఏళ్ల తరబడి ఊరూరా చెబుతూ వచ్చారు. ‘తీస్ దిన్ రోష్నీ కే’ అన్నది వాళ్ల నినాదం. ఆ ప్రచార ఫలమే మావాడి చూపు. ఆ ముప్ఫయ్యో రోజున వాడు అదే మంచం మీద ఉన్నాడు. అల్ట్రాసౌండ్ యంత్రం రెండు గదుల అవతల ఉంది. మెదడులో గుంటలు పడి ఉంటే కనిపించే రోజులు సరిగ్గా అవే. కళ్లు చూశారు, కళ్ల వెనకున్న దాన్ని చూడలేదు. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. కంటికి ఒక తేదీ ఉంది, తలకు లేదు.

నా మొదటి విన్నపం ఇదే. 32 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ, మీ ప్రభుత్వ నవజాత శిశు విభాగాల్లోనూ ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ, తొలి వారపు స్కాన్‌తో ఆగిపోకుండా ముప్ఫయ్యో రోజున, అంటే కంటి పరీక్ష రోజునే, మళ్లీ మాడు మీద స్కాన్ తీయాలని ఆదేశమివ్వండి. నెలలు నిండాల్సిన తేదీ దగ్గర్లో ఇంకొకటి తీస్తే మరీ మంచిది. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ఈ యంత్రాలు రిజిస్టర్ కావాలి. ఆ చట్టం ఉండాల్సిందే, ఆడపిల్లలను కన్నదాన్ని, చదివించినదాన్ని, నాకా విలువ తెలుసు. ఇంక్యుబేటర్ల పక్కనుండే యంత్రానికి ఆ కాగితాల పని చప్పున అయ్యేలా చూడమనే నా మనవి.

ఎమ్మారై మాటేమిటని అడుగుతారు. నెలలు నిండని ప్రతి బిడ్డకూ ఎమ్మారై తీయమని నేను అడగను. ఇంగ్లండ్‌లో 511 మంది అలాంటి పిల్లలతో జరిపి 2018లో ప్రచురించిన ఈప్రైమ్ అధ్యయనంలో, నడకను ముందే చెప్పడంలో ఎమ్మారై అల్ట్రాసౌండ్ కంటే కొద్దిగానే మెరుగని తేలింది. ఎమ్మారై నిజంగా పనికొచ్చేది మరో రకం బిడ్డకు. నెలలు నిండి పుట్టి, పుట్టగానే ఏడవని బిడ్డకు.

కాన్పులో ఊపిరాడని బిడ్డకు దెబ్బ తగిలేది ఎక్కువగా మెదడు లోతుల్లో, మాడు స్కాన్‌కు సరిగా అందని చోట. అక్కడ ఇంటర్నల్ క్యాప్సూల్ అనే సన్నని దారి ఉంటుంది. ఒళ్లంతటికీ ఆజ్ఞలు మోసే తీగలన్నీ ఆ ఇరుకు సందులోంచే వెళ్తాయి. నెలలు నిండిన బిడ్డ ఎమ్మారైలో ఆ దారి వెనక భాగం తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు లేకపోతే ముందు ముందు కదలికలు తీవ్రంగా దెబ్బతినే అవకాశం ఎక్కువని లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు 1998లో చూపించారు. దీనికి మత్తు మందు కూడా చాలాసార్లు అక్కర్లేదు. బిడ్డకు కడుపునిండా పాలు పట్టి, పొత్తిళ్లలో గట్టిగా చుట్టి, చెవులకు రక్షణ పెడితే నిద్రపోతుంది. ఆ నిద్రలోనే స్కాన్ అయిపోతుంది. మొదటి వారంలో తీయాలి, పసి మెదడును చదవడం తెలిసినవాళ్లు చదవాలి. యంత్రాలు ఇప్పుడు జిల్లాల్లోకీ వచ్చాయి, చదివే కళ్లు అన్నిచోట్లా లేవు. బొమ్మలను హైదరాబాద్‌కో విశాఖకో పంపి చదివించుకునే ఏర్పాటు మీ చేతిలో పని.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పరదేశపు లెక్కలను తెచ్చి మన పిల్లల మీద గుడ్డిగా వేయకూడదు. ఊపిరాడని పిల్లల ఒంటిని మూడు రోజులు చల్లబరిచే వైద్యం పాశ్చాత్య దేశాల్లో మేలు చేసింది. అదే వైద్యాన్ని మన దేశంలోనూ, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోనూ 408 మంది పిల్లలతో పరీక్షించిన హెలిక్స్ అధ్యయనం 2021లో బయటికొచ్చింది. చల్లబరిచిన పిల్లల్లో 42 శాతం, చల్లబరచని పిల్లల్లో 31 శాతం చనిపోయారు. వైద్యమే కాదు, జోస్యం కూడా మన పిల్లల మీద సరిచూసుకున్నాకే నమ్మాలి. అందుకే స్కాన్ తీసిన ప్రతి బిడ్డా రెండేళ్ల వయసులో ఎలా ఉందో రాసిపెట్టే పుస్తకం జిల్లాకొకటి ఉండాలి. అది లేకపోతే మన స్కాన్ ఎంత నిజం చెప్పిందో మనకే తెలియదు.

స్కాన్ ఒక్కటే చాలదు కూడా. 2017లో అయోనా నోవాక్ నాయకత్వంలో అంతర్జాతీయ నిపుణులు ఈ విషయమై ఉన్న పరిశోధనలన్నీ జల్లెడపట్టారు. సెరిబ్రల్ పాల్సీ రాబోయే పిల్లల్లో ఎమ్మారై పట్టుకోగలిగేది 86 నుంచి 89 శాతాన్ని. అంటే పదిమందిలో ఒకరికి పైగా పిల్లల స్కాన్ మామూలుగానే ఉంటుంది. డాక్టరు చేతులతోనే చేసే హామర్‌స్మిత్ పరీక్ష ఒకటుంది, అందులో 26 అంశాలు, 78 మార్కులు. అది 90 శాతాన్ని పట్టుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ, 98 శాతం దాకా పట్టుకునేది ఏమిటో తెలుసా? బిడ్డ కదలికలను ఊరికే చూడటం.

ఆస్ట్రియాకు చెందిన హైన్జ్ ప్రెక్టల్ అనే వైద్యుడు ఈ విద్యకు ఆద్యుడు. నెలలు నిండిన తేదీ నుంచి లెక్కేస్తే తొమ్మిది నుంచి ఇరవై వారాల మధ్య ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వెల్లకిలా పడుకుని మెడ, మణికట్లు, చీలమండలు ఆగకుండా చిన్నచిన్నగా తిప్పుతూనే ఉంటాడు. మనం కుదురులేకపోవడం అంటామే, అదే. ఆ కుదురులేనితనం లేకపోతే ప్రమాద సూచన. 130 మంది శిశువుల వీడియోలతో ప్రెక్టల్ బృందం 1997లో దీన్ని నిరూపించింది. బిడ్డ మెలకువగా, ఏడవకుండా, కాళ్లూ చేతులూ బయటికి ఉండేలా పడుకుని ఉండాలి. పక్కన ఆటబొమ్మ ఉండకూడదు, ఎవరూ పలకరించకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాల వీడియో చాలు. మామూలు ఫోన్ సరిపోతుంది. చదివేవాళ్లకు మాత్రం శిక్షణ ఉండాలి.

మావాడి అన్నప్రాశన నాటి వీడియో మా అల్లుడి ఫోన్‌లో ఉంది. పీటల మీదకు తీసుకెళ్లక ముందు, లాలపోసి మంచం మీద పడుకోబెట్టినప్పుడు తీసింది. నాలుగు నిమిషాలు. వాడికి ఆరు నెలలు, నెలలు నిండాల్సిన తేదీ నుంచి లెక్కేస్తే 15 వారాలు. ఎన్నిసార్లు చూసుకుని మురిసిపోయామో. మూడేళ్ల తరవాత ఈ శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు ఒకామె ఆ వీడియోను రెండుసార్లు చూసి, ఫోన్ మెల్లగా నా చేతిలో పెట్టారు. ‘అమ్మా, చీలమండలు చూడండి’ అన్నారు. చూశాను. కదలడం లేదు.

అందుకే నా రెండో విన్నపం. నెలలు నిండి పుట్టి కాన్పులో ఇబ్బంది పడిన బిడ్డ 14 వారాల టీకాకు ఎలాగూ వస్తుంది. ఆ రోజే ఏఎన్ఎం ఆ వీడియో తీసి పంపాలి. నెలలు నిండక పుట్టిన బిడ్డకు తేదీ వేరు. ఆరో నెలలో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చే కార్యక్రమం ఇప్పుడు ఉంది, మావాడిలా 29 వారాలకు పుట్టిన బిడ్డకు ఆ రోజు సరిగ్గా సరిపోతుంది. మాతా శిశు సంరక్షణ కార్డు మొదటి పేజీలో ‘నెలలు నిండాల్సిన తేదీ’, ‘తల స్కాన్ తేదీలు’, ‘కదలికల వీడియో’ అని మూడు గళ్లు గీయించండి. తెలుగులో గీయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రెటీనా జబ్బూ ఉంది, నరాల కదలికల లోపమూ ఉంది. జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు అందుకే పెట్టారు. కొత్త పథకం అడగడం లేదు, కొత్త పేరూ అడగడం లేదు.

ముందే తెలిసి ఏం చేస్తారని నన్ను కొందరు అడిగారు. చచ్చిన మెదడు కణం తిరిగి రాదు, నిజమే. మావాడు ఎలాగైనా వాకర్‌తోనే నడిచేవాడేమో. అయితే మెదడు కొత్త దారులు వేసుకునేది ఎక్కువగా తొలి నెలల్లోనే. ఒక చెయ్యి బలహీనంగా ఉండబోతుందని ముందే తెలిస్తే, మంచి చేతికి మెత్తటి తొడుగు తొడిగి రెండో చేతితో ఆడించే పద్ధతిని స్వీడన్‌లో పసిపిల్లలకే చేయిస్తున్నారు. మనమేమో ఏడాది లోపు బిడ్డ ఒకటే చెయ్యి వాడితే ‘ఎడమచేతి వాటం’ అని సరిపెట్టుకుంటాం. అదే దేశంలో దక్షిణ ప్రాంతాన 1994 నుంచి ఈ పిల్లలందరి తుంటి ఎముకలకు క్రమం తప్పకుండా ఎక్స్‌రేలు తీస్తూ వచ్చారు, తుంటి జారిపోవడం దాదాపు కనబడకుండా పోయింది. మావాడి తుంటికి మొదటి ఎక్స్‌రే నాలుగేళ్లకు తీశారు. అప్పటికే ఒక పక్క సగం జారింది. ఆపరేషన్ అయింది. ఆ నొప్పి మటుకు తప్పించగలిగిందే.

చివరగా ఒక భయం. స్కాన్‌లో మచ్చ కనబడగానే ‘ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అనే మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే ఆ మాట ఇంకా త్వరగా వినబడుతుంది. స్కాన్‌లో మచ్చ ఉన్న పిల్లల్లో ఎంతోమంది నడుస్తారు, చదువుకుంటారు. కాబట్టి ఆ కాగితం మీద జబ్బు పేరు కాదు, ‘ప్రమాదం ఉంది, ఫలానా తేదీన రండి’ అని రాయాలి. ఆ మాట తల్లితో కూర్చుని చెప్పాలి, అత్తగారి ఎదుట వార్డు గుమ్మంలో నిలబడి కాదు. వికలాంగ ధ్రువపత్రం వచ్చేదాకా ఆగకుండా ఆ తేదీ నుంచే ఫిజియోథెరపీ మొదలవ్వాలి.

మీ ఇద్దరి రాష్ట్రాల్లోనూ ఈ రోజు ఎందరో పసివాళ్లు ఇంక్యుబేటర్లలో ఉండి ఉంటారు. వాళ్ల ముప్ఫయ్యో రోజు ఇంకా రాలేదు. కళ్లు చూసే రోజున తలా చూడమని ఒక్క పేజీ ఉత్తర్వు ఇవ్వండి. ఉత్తర్వు నంబరు పత్రికల్లో పడ్డ రోజున, దేవుడి గూట్లో ఇంకా ఉన్న ఆ ‘నార్మల్’ కాగితాన్ని తీసేస్తాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు, ఖమ్మం